ఇసుక తిన్నెలు కాగు విధము, చల్లారు విధము

పూర్వపు కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతమున, జగ్గయ్యపేటకు దక్షిణముగా, కృష్ణానది ఎడమ ఒడ్డున వేదాద్రి క్షేత్రము కలదు. 2022 ఏప్రిల్ నుండి ఈ ప్రాంతము ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. నరసింహస్వామి ఇచ్చట ఐదు రూపములతో వెలసెనని భక్తుల విశ్వాసము. వానిలో సాలగ్రామ నరసింహుడు నదీగర్భముననే యున్నాడని చెప్పుదురు. అందుచేత యాత్రికునకు కొండ యెంత ముఖ్యమో, నదియు నంత ముఖ్యము. స్నానము చేయక దర్శనమునకు పోవువారు అరుదు.

నృసింహ జయంతి వైశాఖ శుద్ధ చతుర్దశినాడు వచ్చును. అది సాధారణముగా మే నెలలో పడును. ఆ దినములలో నదిలో ప్రవాహము సన్నగిల్లి ఇసుక తిన్నెలు బయటపడును. గట్టుననుండి నీటి అంచు వరకు జనులు ఉత్తపాదములతో నడచిపోవుదురు. చంకబిడ్డలతో తల్లులును, కర్రయూతతో వృద్ధులును వారిలో నుందురు. ఈ నడక ఉదయము సుఖముగా నుండును. మధ్యాహ్నము అదే దారి పెనమువలె కాలును. మరల రాత్రి ఎనిమిది గంటలకు అదే ఇసుకపై పడక వేసికొనవచ్చును. ఒక్క దినములోనే ఇన్ని మార్పులకు కారణమేమి? ఇది తెలిసికొన్న పంచాయతీకి రెండు ప్రయోజనములు కలవు. మొదటిది, వచ్చిపోవువారి పాదములను, ప్రాణములను కాపాడుట. రెండవది, ఆ ఇసుక క్రిందనున్న నీటిని కాపాడుకొనుట. ఈ రెండింటికిని గల సంబంధమును చూపుటకే మేము ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఎండ యెంత, ఇసుక త్రాగునది యెంత?

వేదాద్రి భూమధ్యరేఖకు ఉత్తరముగా పదునారున్నర, పదునేడు డిగ్రీల నడుమ నున్నది. సూర్యుడు ఈ ప్రాంతమున మే మొదటి వారములోను, ఆగస్టు మొదటి వారములోను మధ్యాహ్నవేళ సరిగా నడినెత్తికి వచ్చును. అప్పుడు నిటారుగా పాతిన కర్రకు నీడ కానరాదు. ఆగస్టులో మబ్బులు అడ్డుపడును. మే నెలలో అడ్డుపడునది ఏమియు లేదు. నిర్మలమైన ఆకాశము క్రింద నడిమధ్యాహ్నము ఒక చదరపు మీటరు నేలపై పడు ఎండ శక్తి ఇంచుమించు 1000 వాట్లు. అనగా ప్రతి చదరపు మీటరు మీద ఒక్కొక్క విద్యుత్ ఇస్త్రీపెట్టె పనిచేయుచున్నట్లే.

పొడి ఇసుక లేతరంగు గలది గనుక దీనిలో మూడవవంతునకు కొంచెము పైగా తిరుగగొట్టును. కన్నులు జిగేలుమనుటకు కారణమిదే. మిగిలిన 600 వాట్లకు పైబడిన వేడిని ఇసుక త్రాగును. నల్లరేగడి అంతకంటె ఎక్కువ త్రాగును. ఎండలో పడిన వంద పాళ్లలో ఎనుబదియైదు పాళ్ల వరకు అది గ్రహింపగలదు. అట్లయినచో ఇసుకకే ఇంత కాక యేల? త్రాగిన వేడి ఎచ్చటికి పోవుచున్నది అను దానిలో నున్నది రహస్యము.

వేడి పైపొరలోనే నిలిచిపోవును

ఇసుకరేణువు చిన్నరాయి వంటిది. దానిలో అధికభాగము పలుగురాయి. రాయి వేడిని చక్కగానే ప్రసరింపజేయును. కాని ఇసుకలో రేణువునకును రేణువునకును నడుమ మొనలు మాత్రమే తగులుచుండును. మిగిలిన ఖాళీలలో గాలి యుండును. ఖాళీలు మొత్తము ఘనములో మూడవవంతునకు మించును. గాలి వేడిని సరిగా ప్రసరింపనీయదు. చలికాలమున మనలను కాపాడు కంబళి గుణము దాని నూలు పోగుల నడుమ చిక్కుకొన్న గాలిదే. పొడి ఇసుకయు ఒక విధముగా కంబళియే. పైనబడిన వేడి లోనికి దిగలేక మీది రెండు మూడు అంగుళములలోనే కూడుకొనును.

రెండవ కారణము, ఇసుక త్వరగా వేడెక్కు పదార్థము. ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడిచేయుటకు చాలిన వేడితో ఒక కిలో పొడి ఇసుక ఇంచుమించు ఐదు డిగ్రీలు వేడెక్కును. పలుచని పొరలో వేడి నిలుచుట ఒకటి, ఆ పొర సులువుగా వేడెక్కుట రెండు. ఈ రెండును కలిసినప్పుడు నీడన గాలి 43 డిగ్రీలున్న దినమున ఇసుక పైముఖము 60 డిగ్రీలు దాటగలదు. ఎడారులలో 70 డిగ్రీల వరకును పోవుట కలదు. వాతావరణ వార్తలలో మనము వినునది నీడలోని గాలి వేడిమి మాత్రమే. నడచు పాదమునకు తగులు వేడిమి వేరు.

మూడవ కారణము తడి లేకపోవుట. ఒక లీటరు నీరు ఆవిరియగుటకు కావలసిన వేడి, అదే నీటిని బిందెలోని వేడిమినుండి మరుగుదశకు తెచ్చుటకు పట్టు వేడికంటె ఇంచుమించు ఎనిమిది రెట్లు. తడినేల ఎండలో ఈ పనిచేయుచు చల్లగా నుండును. ముతక ఇసుకలో నీరు పైన నిలువక క్రిందికి జారిపోవును. మీది పొర త్వరగా ఎండిపోవును. ఎండినపిమ్మట వచ్చిన వేడియంతయు రేణువులను కాచుటకే వినియోగపడును. నల్లరేగడియు పూర్తిగా ఎండి పొడియైనచో ఇట్లే కాగును. కనుక తేడా రంగులో కంటె తడిలో అధికముగా నున్నదని గ్రహింపవలెను.

జానెడు లోతున మరియొక లోకము

వేసవి మధ్యాహ్నము ఇసుకలో నడువవలసివచ్చిన పల్లెవాడు పాదమును లోనికి దూర్చి నిలుచును. బెత్తెడు లోతున ఓర్వదగినంత చల్లదనము కలదని అతడు అనుభవమున ఎరుగును. శాస్త్రము దీనికి లెక్క చెప్పును. పొడి ఇసుకలో ప్రతి ఎనిమిది సెంటీమీటర్ల లోతునకు, అనగా ఇంచుమించు బెత్తెడునకు, పగటికిని రాత్రికిని గల వేడిమి తేడా మూడింట ఒకవంతునకు కొంచెము ఎక్కువగా మిగులును. ఉదాహరణకు పైముఖము తెల్లవారుజామున 26 డిగ్రీలు, మధ్యాహ్నము 62 డిగ్రీలు ఉన్నదనుకొందము. తేడా 36. బెత్తెడు లోతున అది 13 డిగ్రీలగును. జానెడు లోతున రెండు డిగ్రీలకు మించదు. పైన అగ్ని, క్రింద ఇంటిలోపలి వేడిమి. నడుమ నున్నది జానెడు ఇసుక మాత్రమే.

మరియొక విశేషము. వేడి లోనికి దిగుటకు కాలము పట్టును. పైముఖము మధ్యాహ్నము ఒంటిగంట ప్రాంతమున మిక్కిలి వేడిగా నుండును. బెత్తెడు లోతున ఆ స్థితి సాయంత్రము ఐదు గంటలకు వచ్చును. జానెడు లోతున అర్ధరాత్రికి గాని రాదు. అందుచేతనే సందెవేళ పైన చల్లబడిన ఇసుకను చేతితో తొలగించినచో లోపల గోరువెచ్చగా తగులును.

తిన్నె ఆకారమును బట్టియు వేడి మారును. తూర్పువాలు ఉదయమే వేడెక్కును. పడమటివాలు మధ్యాహ్నము తరువాత వేడెక్కును. అప్పటికి గాలియు కాగియుండుటచే పడమటివాలు బాధ అధికము. మార్గశిర, పుష్య మాసములలో సూర్యుడు దక్షిణమున ఒరిగి, మధ్యాహ్నమున కూడ 50 డిగ్రీల ఎత్తునకే వచ్చును. కనుక అప్పుడు దక్షిణపువాలు వెచ్చగాను, ఉత్తరపువాలు చల్లగాను ఉండును.

చల్లారుట యెట్లు?

ఇసుక చల్లారుటకు మూడు మార్గములు కలవు. తన్ను తాకి పోవు గాలికి కొంత వేడి నిచ్చును. లోపొరలకు కొంత పంపును. అన్నిటికంటె ముఖ్యముగా, కంటికి కనబడని కిరణముల రూపమున ఆకాశమునకు వేడిని వెదజల్లును. ఈ మూడవది పగలును రాత్రియు జరుగుచునే యుండును. పగలు వచ్చునది పోవుదానికంటె ఎక్కువ గనుక ఇసుక కాగును. ప్రొద్దు వాలిన తరువాత రాబడి తగ్గి ఖర్చు మాత్రము సాగును. పైపొరలో నిలువ స్వల్పము, లోపలినుండి వేడి పైకి వచ్చుట మందము. కనుక ఇసుక గంటలలోనే చల్లబడును. త్వరగా కాగుటకు కారణమైన గుణమే త్వరగా చల్లారుటకును కారణము.

మబ్బు పట్టిన రాత్రి ఇసుక ఆలస్యముగా చల్లారును. మబ్బులును, గాలిలోని నీటియావిరియు భూమి వెదజల్లిన వేడిలో కొంత తిరిగి పంపును. థారు ఎడారిలో గాలి పొడిగా నుండుటచే రాత్రులు మిక్కిలి చల్లబడును. కృష్ణ ఒడ్డున గాలిలో తేమ కొంత యుండుటచే అంత చల్లదనము రాదు. శీతకాలమున తెల్లవారుజామున ఇసుక ముఖము గాలికంటెను చల్లనై, మంచుబిందువులను దాల్చును.

రాతిమెట్లు, సిమెంటు దారులు వేరు విధముగా నడచుకొనును. వేడి వానిలోనికి లోతుగా దిగును. కనుక వాని ముఖము ఇసుకంత కాగకపోవచ్చును. కాని అవి పాదమునకు వేడిని త్వరగా అందించును, రాత్రి చాలసేపటి వరకు వెచ్చగానే యుండును. ఇసుకపై సిమెంటు పరచినంతనే బాధ తీరునని తలచుట పొరపాటు.

కాగిన మూత క్రింద చల్లని నీరు

ఇంతవరకు ఇసుక వేడిని ఒక కష్టముగా చెప్పితిమి. అదే గుణము మనకు చేయు మేలును కూడ చూడవలెను. ఎండిన పైపొర, వేడిని లోనికి పోనీయనట్లే, నీటిని పైకి రానీయదు. ముతక ఇసుకలో ఖాళీలు పెద్దవి గనుక నీరు ఒత్తివలె పైకి ప్రాకలేదు. మీది కొన్ని అంగుళములు ఎండిన పిమ్మట క్రిందితేమ ఆవిరిగా మారి ఖాళీలగుండ మెల్లగా వెలువడవలసినదే. ఎండ కాల్చిన పొరయే క్రిందినీటికి మూత యగును.

మునేరు, పాలేరు, వైరా వంటి యేళ్లు వేసవిలో ఎండినట్లు కనబడినను, ఇసుకలో చెలమ త్రవ్వినచో నీరు ఊరుటకు కారణమిది. ఆ నీరు చల్లగా నుండుటకు కారణము జానెడు లెక్కలో చెప్పియే యున్నాము. నీరు నిండిన ఒక ఘనమీటరు ఇసుకలో ఇంచుమించు 350 లీటర్ల నీరు పట్టును. అందు 200 లీటర్లకు పైగా చెలమలోనికి ఊరి రాగలదు. నదీగర్భమున పుచ్చ, దోస పాదులు పెట్టు రైతులు గుంటలు తీసి విత్తనమును తేమకు దగ్గరగా చేర్చుట ఈ సూత్రము మీదనే.

ఇసుకను అడుగంటి త్రవ్వి తీసికొనిపోయినచో ఏమగును? మూత పోవును, కుండయు పోవును. గోతులలో బయటపడిన నీటిని వేసవి ఎండ దినమునకు సుమారు 8 మిల్లీమీటర్ల చొప్పున హరించును. ఒడ్డునగల బావులలో మట్టము దిగును. వరద వచ్చినప్పుడు ఆ గోతులే స్నానమునకు దిగినవారికి మృత్యుస్థానములగును. అందుచేతనే 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టము ఇసుక త్రవ్వకమును నియంత్రణ క్రిందికి తెచ్చినది. త్రవ్వకము ఎచ్చట, ఎంత లోతున జరుగుచున్నదో ముందుగా కనిపెట్టగలవారు ఊరివారే. కనుక పంచాయతీ ఈ విషయమున కన్ను మూసికొనరాదు.

తిన్నె దిబ్బగా మారినచో

వేదాద్రి యందలివి నది వేసిన తిన్నెలు. గాలి పేర్చిన దిబ్బలు వేరు. గాలి తడి ఇసుకను లేపలేదు. తడి రేణువులను ఒకదాని కొకటి అంటుకొనజేయును. కాగి, ఎండి, విడివడిన రేణువులనే గాలి దొరలించుకొని పోవును. అనంతపురం జిల్లాలో వేదవతి, అనగా హగరి నది, దీనికి దృష్టాంతము. బొమ్మనహాళ్, కణేకల్లు ప్రాంతములలో నైరుతి గాలులు నదీగర్భమునుండి ఇసుకను లేపి పొలములపై దిబ్బలుగా పేర్చుచున్నవి. దర్గాహొన్నూరు వంటి గ్రామములందు రైతులు పంటభూమిపై పడిన ఇసుకను తొలగించుకొనవలసి వచ్చినది.

ఇట్టి దిబ్బలను నిలువరించు విధమును జోధ్‌పూర్ యందు 1959లో ఈ పేరుతో ఏర్పడిన కేంద్ర శుష్క ప్రాంత పరిశోధనా సంస్థ పరిశీలించి చూపినది. గాలికి అడ్డముగా ఎండుకొమ్మలతో దడులు కట్టుట, వాని చాటున గడ్డిని, చెట్లను పెంచుట అందలి ముఖ్యాంశములు. మొక్క నీడ నిచ్చి ఇసుకను చల్లబరచును, వేరుతో పట్టును, గాలి వేగమును తగ్గించును. మన యేటిగట్లపై నున్న రెల్లు, తుమ్మ, తాటి ఇదే పని చేయుచున్నవి. వంటచెరకుకొరకు గట్టును బోడిచేయుట తిన్నెను పొలములోనికి ఆహ్వానించుటయే.

పంచాయతీ చేయదగిన పనులు

రెంటచింతల, నందిగామ పేర్లు వేసవి వాతావరణ వార్తలలో తరచుగా వినబడును. 2015 మే నెలలో వచ్చిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లో వేయిమందికి పైగా మరణించిరి. కనుక ఇది పాదముల మంటతో పోవు విషయము కాదు. ఇసుకపై నిలిచినవానికి పైనుండి ఎండయు, క్రిందినుండి ఇసుక తిరుగగొట్టిన వెలుగును, వెదజల్లిన వేడియు తగులును. ఎత్తు తక్కువగల బిడ్డలకు ఈ క్రిందివేడి మరింత దగ్గర. ఉత్సవమునకు ముందు, ఫాల్గుణ మాసములోనే, దేవాదాయశాఖ అధికారులను, ఆరోగ్యకేంద్రము వారిని పిలిచి ఈ క్రింది పనులపై తీర్మానము చేసికొనుట మంచిది.

మొదటిది వేళ. పది గంటల లోపల, లేదా సాయంత్రము ఐదు గంటల తరువాత స్నానము చేయునట్లు దండోరా వేయించవలెను. నీడ బారెడు పొడవుండువేళ ఇసుకపై నడువవచ్చునని, నీడ పాదముల క్రిందికి వచ్చువేళ నడువరాదని చెప్పినచో గడియారము లేనివారికిని తెలియును.

రెండవది నీడ. గట్టునుండి నీటివరకు తాటాకు పందిరి వేయించినచో నేరుగా పడు ఎండ ఆగును. పందిరిని ఉత్సవమునాటి ఉదయమునకు ముందే సిద్ధము చేయవలెను. కాగిన ఇసుకపై మధ్యాహ్నము వేసిన పందిరి వెంటనే అక్కరకు రాదు.

మూడవది తడి. పందిరి లేనిచోట గోనెపట్టాలు పరచి తడుపవచ్చును. నడిఎండలో చదరపు మీటరునకు గంటకు ఇంచుమించు ఒక లీటరు నీరు ఆవిరియగును. వంద మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పుగల దారికి గంటకు 200 లీటర్లు కావలెను. ఉత్త ఇసుకపై చల్లిన నీరు క్రిందికి జారిపోవును. గోనె దానిని పట్టి ఉంచును. సిమెంటు దారులపై తెల్లని సున్నపు చారలు పూయించినచో కొంత మేలు కలుగును.

నాలుగవది చెప్పులు. ఆలయమర్యాద చెప్పులను ద్వారమువద్ద విడువమనుచున్నది గాని గట్టువద్ద కాదు. నీటి అంచు సమీపమున చెప్పులుంచుకొను చోటు, కాపలా ఏర్పరచినచో చాలమంది ఉత్తపాదములతో నడువరు.

ఐదవది చికిత్స. పాదములు కాలి పొక్కులు లేచినచో ఇరువది నిమిషములు చల్లని నీటిధార పట్టవలెను. పొక్కులను చిదుపరాదు, పసరులు పూయరాదు. వడదెబ్బ తగిలినవానిని నీడకు చేర్చి, తడిగుడ్డలతో తుడిచి విసరవలెను. తెలివి యున్నచో ఉప్పు, పంచదార కలిపిన నీరు ఇవ్వవలెను. తెలివి తప్పినవాని నోట నీరు పోయరాదు. 108కి కబురు చేయవలెను.

పాఠశాల పిల్లలతో ఒక పరీక్ష

ఇదంతయు నమ్మకముపై తీసికొనవలసిన పని లేదు. ఉన్నతపాఠశాలలో నున్న ప్రయోగశాల ఉష్ణమాపకము ఒకటి చాలును. జ్వరము చూచునది పనికిరాదు, పగిలిపోవును. పొడి ఇసుక, తడి ఇసుక, నల్లరేగడి, చెట్టునీడలోని ఇసుక, ఈ నాలుగుచోట్ల ఉదయము ఆరు, పది, మధ్యాహ్నము ఒంటిగంట, సాయంత్రము ఆరు గంటలకు మాపకపు బుడ్డిని నేలలో కప్పబడునంతమేర పెట్టి ఐదు నిమిషములకు చూడవలెను. పొడి ఇసుకలో బెత్తెడు, జానెడు లోతులలోను చూడవలెను. మధ్యాహ్నపు కొలతను ఉపాధ్యాయుడే చెప్పులతో, టోపీతో పోయి తీసికొనవలెను. పిల్లలు గట్టుమీది నీడలో నుండి అంకెలు వ్రాయవలెను. ఆ పట్టికను పంచాయతీ కార్యాలయమున తగిలించినచో పందిరి ఎచ్చట వేయవలెనో, జనులను ఏవేళ ఆపవలెనో సభలో వాదులాట లేకయే తేలిపోవును.

2016 ఆగస్టులో కృష్ణా పుష్కరములు జరిగినవి. మరల 2028లో రానున్నవి. అంతవరకు ప్రతి వైశాఖమును ఒక అభ్యాసముగా తీసికొనవచ్చును. పై జానెడు ఇసుకనుండి మనుష్యులను కాపాడుటయు, ఆ జానెడు ఇసుకను క్రిందినీటికొరకు కాపాడుటయు ఒకే పంచాయతీ చేయవలసిన పనులు. ఒకదానిని ఉత్సవదినములలో చేయవలెను. రెండవదానిని ఏడాది పొడవునను చేయవలెను.